హౌస్ సర్జన్ ఏడాదిని పరీక్షకి ఇచ్చేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పేపర్లో మెడికల్ పీజీ ప్రవేశ పరీక్షలో ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు పేజీ నిండా వేశారు. ఆ ముఖాలు చూసి సంతోషమేసింది, కష్టపడ్డారు కాబట్టి వచ్చింది. కానీ అదే వారం మా తమ్ముడి కూతురు ఇంటికొచ్చి అన్న మాట ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు, అందుకే ఈ ఉత్తరం. తను ఇప్పుడు హౌస్ సర్జన్, అంటే ఎంబీబీఎస్ చదువు అయ్యాక ఆసుపత్రిలో పని నేర్చుకునే ఏడాదిలో ఉంది. ఈ వారం వార్డులో ఏం చూశావమ్మా అని అడిగితే, "పొద్దున వెళ్లి సంతకం పెట్టి, బ్లడ్ శాంపిళ్లు తీసిచ్చి లైబ్రరీకి వచ్చేస్తాం పెదనాన్నా, వార్డులో కూర్చుంటే ర్యాంకు ఎవరిస్తారు" అంది. అందరూ అలాగే చేస్తున్నారట. మెలకువగా ఉన్నంతసేపూ చదువుతూనే ఉంటుంది ఆ పిల్ల, బద్ధకం అనడానికి లేదు. చదివేది మాత్రం ఫోన్లో ప్రశ్నలు.

నేను 1979లో గుంటూరు మెడికల్ కాలేజీలో చేరాను. 1946లో పెట్టిన కాలేజీ, అప్పటికే మా పై బ్యాచ్‌లు చాలామంది ఇంగ్లండు, అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. మా ఊరి నుంచి రేపల్లె ప్యాసింజర్‌లో ట్రంకు పెట్టె వేసుకుని దిగాను. తెలుగు మీడియంలో చదివొచ్చిన నాకు మొదటి ఆరు నెలలు అనాటమీ మాటలే నోరు తిరిగేవి కాదు. డిసెక్షన్ హాల్లో శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్‌కి కళ్ల వెంట నీళ్లు కారేవి, చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా అన్నం ముద్ద దగ్గర ఆ వాసనే. హాస్టల్ గోల, వైవా ముందు రాత్రి టెన్షన్, శంకర్ విలాస్ సెంటర్లో కాఫీలు, ఇవన్నీ ఏ బ్యాచ్ వాళ్లను అడిగినా చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. ఒకటి మాత్రం చెప్పాలి. మొదటి రోజు మా ట్యూటర్ గారు బల్ల మీదున్న శరీరం చుట్టూ మమ్మల్ని నిలబెట్టి, ఈయన కోసం ఎవరూ రాలేదు, అందుకే మీకు దొరికాడు, మర్యాదగా ఉండండి అన్నారు. ఎవరో పేరు కూడా తెలియని ఆ మనిషి చెయ్యి మీదే నేను నరాలన్నీ నేర్చుకున్నాను.

తర్వాత వార్డులు. మా చీఫ్ గారు ఉదయం 8 కల్లా వార్డులో ఉండేవారు, 8 దాటి 5 నిమిషాలైతే తలుపు దగ్గరే ఆగిపోవాలి. కేస్ షీట్ చూసి చదవబోతే దాన్ని మూసేసి, కాగితానికి జబ్బు లేదు, మనిషిని చూసి చెప్పు అనేవారు. గుండె జబ్బుతో ఒకాయన మా వార్డుకి తరచూ వచ్చేవాడు. టైలరు. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి కవాటం ఇరుకైపోయింది. ఆ చప్పుడు మామూలుగా పడుకోబెట్టి వింటే దొరకదు, ఎడమ పక్కకి తిప్పి స్టెతస్కోప్ గుండె కొస దగ్గర తేలిగ్గా ఆనించి వినాలి, దూరంగా ఉరిమినట్టు ఉంటుంది. మేం మంచం దగ్గరికి వెళ్లగానే అడక్కుండానే ఆయన ఎడమ పక్కకి తిరిగేవాడు. "ఇక్కడ పెట్టు బాబూ, ఇక్కడైతే బాగా వినపడుద్దంట, ఊపిరి బిగబట్టమంటావా?" అని నా చెయ్యి పట్టుకుని చోటు చూపించాడు. ఆయాసంతో మాట కూడా సరిగ్గా రాని మనిషి, మా బ్యాచ్‌లో 20 మందికీ ఒకరి తర్వాత ఒకరికి వినిపించాడు. గురువుల పేర్లు చెప్పమంటే ప్రొఫెసర్లతో పాటు ఆయన పేరు కూడా చెబుతాను.

జ్వరాల ఆసుపత్రికి పోస్టింగ్ వెళ్తే ధనుర్వాతం కేసులు ఉండేవి. వెలుతురు పడినా, గిన్నె చప్పుడైనా ఒళ్లు విల్లులా వంగిపోతుందని చీకటి గదిలో ఉంచేవారు, మేం చెప్పులు బయటే విడిచి నడిచేవాళ్లం. పోలియో పిల్లలైతే లెక్కే లేదు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, 2014లో పోలియో లేని దేశమని ప్రకటించారు. ఇప్పటి పిల్లలు ఇవి చూడట్లేదంటే అంతకన్నా మంచి మాట లేదు, దాని గురించి నాకు బాధ లేదు. ఈ రోజుకీ వార్డులో కళ్ల ముందు ఉన్నవాటిని చూడకుండా వెళ్లిపోతున్నారనే నా బాధ.

1984, 85లో నేను హౌస్ సర్జన్. అప్పట్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి తెల్లదోమ పట్టింది. ఏ మందు కొట్టినా చావలేదు, కొట్టేకొద్దీ పెరిగింది, పంట పోయింది, అప్పులు మిగిలాయి. ఆ పురుగుల మందు డబ్బా ఇంట్లోనే ఉండేది. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ అంటే స్ట్రెచర్ తలుపు దాటకముందే వాసనను బట్టి తెలిసిపోయేది. కంటిపాప సూది మొనంత, నోటి వెంట నురగ, ఊపిరితిత్తుల్లో గుడగుడ. బట్టలు విప్పి ఒళ్లంతా సబ్బుతో కడిగించి, ట్యూబు వేసి కడుపు కడిగి, విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్, అట్రోపిన్ మీద అట్రోపిన్. కంటిపాప చూసి ఆపకు, ఛాతీ విను, గుడగుడ పోయేదాకా ఇవ్వు అని మా అసిస్టెంట్ గారు పక్కనే నిలబడి నేర్పారు. అట్రోపిన్ ఎక్కువైతే రోగి దుప్పటి పీకుతూ గాల్లో ఏదో పట్టుకోబోతాడు, అది కూడా కనిపెట్టాలి. ఇదంతా తెల్లవారేదాకా పదేసి నిమిషాలకోసారి మంచం దగ్గరికి వెళ్తే తప్ప తెలిసేది కాదు.

వాళ్లలో ఒకతను, చిలకలూరిపేట వైపు కౌలు రైతు, 30 ఏళ్లు ఉంటాయేమో. రెండు రోజులు అట్రోపిన్ మీద ఉండి మూడో రోజు పొద్దునకి కళ్లు తెరిచి మాట్లాడాడు. గండం గడిచిందనుకున్నాం. సాయంత్రం వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి, "అయ్యా, నీళ్లు తాగిద్దామంటే పిల్లోడు తల ఎత్తలేకపోతన్నాడు" అంది. నీరసం అమ్మా, రెండు రోజులుగా తిండి లేదు కదా, తగ్గిపోతుంది అన్నాను. ఆమె కదల్లేదు. "నీరసం కాదయ్యా, వాడి మెడలో బలం లేదు, ఒక్కసారి రా" అంది. వెళ్లాను. తల దిండు మీంచి ఎత్తమంటే అంగుళం కూడా లేవలేదు. పరుగున వెళ్లి అసిస్టెంట్ గారిని పిలిస్తే ఆయన వచ్చి, ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నారు. 8 దగ్గర ఆగిపోయాడు. ఇంకాసేపటికి ఊపిరి ఆగిపోయేదే. అప్పటికప్పుడు గొంతులో ట్యూబు వేసి, వెంటిలేటర్ మీదికి మార్చేదాకా ఆ రాత్రంతా నేనూ నా ఇద్దరు బ్యాచ్‌మేట్లూ వంతులేసుకుని ఆంబు బ్యాగ్, అదే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, నొక్కాం. వేళ్లు కొంకర్లు పోయాయి. తెల్లవారుజామున వాళ్ల తమ్ముడికి కూడా ఎలా నొక్కాలో నేర్పాం. మూడో వారంలో అతను నడిచి ఇంటికి వెళ్లాడు. ఆ తల్లి రెండోసారి రమ్మని అడగకపోయి ఉంటే ఏమయ్యేదో 40 ఏళ్లుగా నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

ఇలాంటి కండరాల బలహీనత గురించి మన దేశపు డాక్టర్లే 1974లో రాశారు, కానీ మా పాఠాల్లోకి అది రాలేదు. తర్వాత 1987లో ఇద్దరు శ్రీలంక డాక్టర్లు దానికి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరు పెట్టి ప్రచురించారు. అది చదివినప్పుడు నాకు ఆ తల్లి మాటే వినిపించింది. పేరు రావడానికి రెండేళ్ల ముందు, చదువు లేని ఒక రైతు తల్లి దాని మొదటి గుర్తుని కొడుకు మెడ చూసి నాకు చెప్పింది.

మా తమ్ముడి కూతుర్ని దీని గురించి అడిగాను. వెంటనే చెప్పింది, 24 నుంచి 96 గంటల మధ్య వస్తుంది, మెడ కండరాలు ముందు, అట్రోపిన్‌తో లాభం లేదు, వెంటిలేటర్ కావాలి అని. అన్నీ కరెక్టు, ఆ వయసులో నాకు ఇందులో సగం కూడా తెలియదు. ఎప్పుడైనా ఒక మనిషిని తల ఎత్తమని అడిగావా తల్లీ అన్నాను. లేదు పెదనాన్నా అంది. కాసేపు ఏం మాట్లాడలేదు.

తప్పు పిల్లలది కాదని నాకు తెలుసు. నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత పీజీ ప్రవేశ పరీక్షలో మూడున్నర గంటల్లో 200 ప్రశ్నలు. ఆ మూడున్నర గంటలే జీవితం తేల్చేస్తుంటే ఎవరైనా దానికే చదువుతారు. మేమూ పీజీకి చదివాం, ఎక్కువమంది హౌస్ సర్జన్సీ అయ్యాకే మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడు ఫస్ట్ ఇయర్లోనే కోచింగ్ యాప్‌లు కొనిపిస్తున్నారు, ఎముకలు పట్టుకోకముందే. 2019 నుంచి కొత్త కరికులంలో, చూసిన కేసులూ చేసిన పనులూ రాసుకునే లాగ్‌బుక్ పెట్టారు, ఉద్దేశం మంచిదే, కానీ చాలాచోట్ల అందరూ ఒకే రోజు కూర్చుని నింపి సంతకాలు పెట్టించుకుంటున్నారని పిల్లలే చెబుతున్నారు.

అందుకే మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. తల్లిదండ్రులూ, ఆ ఒక్క ఏడాది పిల్లల్ని వదిలేయండి, నువ్వెన్ని ప్రశ్నలు చేశావని రోజూ ఫోన్ చేసి అడక్కండి, ఈ రోజు ఎవరిని చూశావని అడగండి. ఇంటర్న్‌షిప్ పూర్తయిన రోజుకీ పరీక్ష రోజుకీ మధ్య నాలుగైదు నెలలు ఖచ్చితంగా ఉండేలా పెడితే, ఆ ఏడాదిని లైబ్రరీలో దాచుకోవాల్సిన అవసరం ఉండదు, ఢిల్లీలో పెద్దలు ఆలోచించాలి. 2019 చట్టంలో రాసిన నెక్స్ట్ పరీక్ష (ఎంబీబీఎస్ చివరి పరీక్ష, పీజీ ప్రవేశ పరీక్ష రెండూ ఒకటిగా) వచ్చేటప్పుడైనా మంచం పక్కన, మనిషి ముందు పెట్టే పరీక్షకి గట్టి చోటు ఉండాలి. ప్రొఫెసర్ గార్లూ, ఉదయం 8కి వార్డులో చెప్పే ఆ క్లాసు వదలకండి, ఇద్దరు వచ్చినా చెప్పండి. మీరు కూడా ఎడిటర్ గారూ, ర్యాంకుల పేజీ వేసిన రోజే రాత్రి డ్యూటీలో ఉన్న ఒక హౌస్ సర్జన్ గురించి నాలుగు ముక్కలు వేయండి. అమెరికాలో ఉన్న మా కాలేజీ పాత విద్యార్థులు గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో తల్లీబిడ్డల భవనానికి డబ్బిచ్చారు, చాలా గొప్ప పని. డబ్బివ్వలేని నాలాంటి వాళ్లు గుంటూరులోనూ, విజయవాడలోనూ చాలామంది ఉన్నాం, రిటైరై ఇంట్లో కూర్చున్నవాళ్లం. మా దగ్గర టైముంది.

ఏ కాలేజీ వాళ్లయినా సరే, సీనియర్ల అనుమతి తీసుకుని నలుగురు పిల్లలు రమ్మంటే చాలు, వారంలో ఏ రోజైనా ఉదయం 8కి వార్డు తలుపు దగ్గర ఉంటాను. మా తమ్ముడి కూతురు వచ్చే సోమవారం నుంచి తన వార్డులో రాత్రి 9 దాకా ఉంటానంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డాక్టరు,
బ్రాడీపేట, గుంటూరు