హాజరు సంతకాలను సమ్మతిగా చూపడంపై ఫిర్యాదు: ప్రతిపాదిత విమాన ఇంధన కర్మాగారం

ఎవరికి: ప్రాజెక్టు ముఖ్య అధికారి గారికి, ప్రతిపాదిత సుస్థిర విమాన ఇంధన కర్మాగారం.

నుండి: చెరువు ఆయకట్టు రైతు, శ్రీకాళహస్తి ప్రాంతం, తిరుపతి జిల్లా.

విషయం: గత నెలలో మీరు జరిపిన సమావేశాన్ని ప్రజాభిప్రాయ సేకరణగానూ, మా హాజరును సమ్మతిగానూ చూపడం గురించి.

ఆర్యా,

స్వర్ణముఖి నదికి దగ్గరలో, చెరువు కింద మూడెకరాల మాగాణి సాగు చేసుకునే రైతును నేను. అందులో ఎకరన్నర చెరకు. మా చెరువు నీటి వినియోగదారుల సంఘంలో సభ్యుడిని కూడా. పంటల నుంచి తీసే ఇథనాల్‌ను విమాన ఇంధనంగా మార్చడానికి మా ఊరికి ఎగువన మీరు కట్టదలచిన కర్మాగారం గురించి గత నెల రెండో బుధవారం మీ సంస్థ ఏర్పాటు చేసిన సమావేశానికి వచ్చాను, సంతకం చేశాను, మూడు ప్రశ్నలు అడిగాను. ఆ సంతకాన్ని మీరు ఏ పనికి వాడుకున్నారో తెలిసింది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మా పంచాయతీ కార్యాలయానికి మీరు పంపిన లేఖను నాలుగు రోజుల కిందట చదివాను. ప్రభావిత గ్రామాల్లో ప్రజాభిప్రాయ సేకరణ పూర్తయిందనీ, హాజరైన 212 మందీ ప్రాజెక్టుకు సమ్మతి తెలిపారనీ అందులో ఉంది. జత చేసిన పట్టికలో 37వ వరుసలో నా సంతకం ఉంది. నేను సమ్మతి తెలపలేదు. తెలపమని నన్ను ఎవరూ అడగనూ లేదు.

ఆ రోజు జరిగింది ఇది. కల్యాణ మండపం గుమ్మం దగ్గర మీ సిబ్బంది ఒక బల్ల వేసి, ఒక పక్క భోజనం టోకెన్లు, ఇంకో పక్క సంతకాల కాగితాలు పెట్టుకున్నారు. కాగితాలను అట్టకు క్లిప్పుతో బిగించి, పైభాగం మీద మీ కరపత్రాన్ని మడిచి ఉంచడం వల్ల మాకు వరుస సంఖ్య, పేరు, ఊరు, సంతకం అనే నాలుగు గళ్లు మాత్రమే కనిపించాయి. సంతకం పెట్టినవారికే టోకెను ఇచ్చారు. నా వెనక నిలబడిన మా ఊరి పెద్దావిడ "ఏంది నాయనా ఇది?" అని అడిగితే, "నువ్వు వచ్చినట్టు గుర్తు అవ్వా, అంతే" అని చెప్పి ఆమె బొటనవేలిని ఇంకు ప్యాడు మీద అద్దించడం నేను పక్కనే ఉండి చూశాను. ఇప్పుడు నకలులో ఆ కాగితం పైభాగం కనిపిస్తోంది. "ప్రాజెక్టుకు మా పూర్తి మద్దతు తెలియజేస్తున్నాము" అని ఇంగ్లిషులో ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ కాగితంలో వేలిముద్రలు వేసినవారే నలభై మందికి పైగా ఉన్నారు. తెలుగే చదవలేని వారి చేత ఇంగ్లిషు వాక్యం కింద వేలిముద్ర వేయించుకుని, దానికి సమ్మతి అని పేరు పెట్టడం ఏ విధంగా న్యాయమో మీరు చెప్పాలి.

పర్యావరణ అనుమతికి దరఖాస్తు చేస్తున్నట్టు మీ కరపత్రంలోనే రాసుకున్నారు కనుక, ఆ అనుమతికి జరిపే ప్రజాభిప్రాయ సేకరణ ఎలా ఉండాలో కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉందని మీకు తెలియదని నేను అనుకోను. దాన్ని జరపవలసింది కంపెనీ కాదు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. జిల్లా కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా తయారుచేసి జిల్లా, స్థానిక సంస్థల కార్యాలయాల్లో జనానికి అందుబాటులో ఉంచాలి. సమావేశం ప్రాజెక్టు స్థలంలో గానీ, దానికి బాగా దగ్గరలో గానీ జరగాలి. మొత్తం వీడియో తీయాలి. అన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచిన నిబంధన ఇంకొకటి ఉంది: ఎవరెవరు ఏమేమి అడిగారో, వారికి ఏమి జవాబు వచ్చిందో రాసిన కార్యక్రమ వివరాలను సమావేశం చివర స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. మీ సమావేశంలో వీటిలో ఒక్కటీ జరగలేదు. కంపెనీ తనంతట తాను జనంతో మాట్లాడుకోవడం తప్పు కాదు, అది మంచిదే. దానికి ప్రజాభిప్రాయ సేకరణ అనే పేరు తగిలించడం తప్పు.

పిలుపు సంగతి కూడా చెప్పాలి. సమావేశం బుధవారం ఉదయం పదిన్నరకు అని సోమవారం సాయంత్రం ఆటోలో మైకు పెట్టి చెప్పించారు. మీరు ఎంచుకున్న మండపం మా ఊరికి 14 కిలోమీటర్లు. మా ఊళ్లోనే ఉన్నత పాఠశాల ఆవరణ ఉంది, చెట్ల నీడ ఉంది, అయిదు వందల మంది కూర్చోవచ్చు. ఆ రోజుల్లో వరి నాట్లు జరుగుతున్నాయి కాబట్టి కూలికి వెళ్లిన ఆడవాళ్లలో పదిమంది కూడా రాలేకపోయారు. మా ఊళ్లో బోరు నీళ్లు పట్టేది, మోసేది వాళ్లే. మీ తెర మీది వివరణ నలభై నిమిషాలు ఇంగ్లిషులో సాగింది. తెలుగులో చెప్పడానికి నిలబడిన యువకుడు ఉద్యోగాల సంగతి, రోడ్ల సంగతి చెప్పి, నీటి లెక్కలు ఉన్న పేజీ వచ్చినప్పుడు "ఇది టెక్నికల్" అని దాటవేశాడు.

నా మొదటి ప్రశ్న నీటి గురించే. రోజుకు ఎంత నీరు వాడతారు, ఎక్కడి నుంచి తెస్తారు అని అడిగాను. దానికి మీ ప్రతినిధి, ఇథనాల్‌ను విమాన ఇంధనంగా మార్చేటప్పుడు దానిలోంచే నీరు బయటికి వస్తుందనీ, కాబట్టి తమది నీరు తాగే కర్మాగారం కాదు, నీరు ఇచ్చే కర్మాగారమనీ చెప్పారు. మండపంలో చప్పట్లు కూడా మోగాయి. ఇంటికి వచ్చి, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయిని అడిగితే నోటుపుస్తకంలో లెక్క వేసి చూపింది. 46 కిలోల ఇథనాల్ నుంచి నీటిని విడదీస్తే 28 కిలోల ఇథిలీన్ అనే వాయువు, 18 కిలోల నీరు వస్తాయి. అంతవరకు మీ ప్రతినిధి చెప్పింది నిజమే. కానీ ఆ ఇథిలీన్‌ను పెద్ద అణువులుగా కూర్చి, హైడ్రోజన్ పట్టించి, మరిగించి వేరుచేసి ఇంధనంగా మార్చడానికి బాయిలర్లకు కావలసిన నీరు, చల్లబరిచే టవర్లలో ఆవిరైపోయే నీరు ఆయన లెక్కలోకి రాలేదు. అసలు ఇథనాల్ తయారు కావడానికి ముందు పొలంలో చెరకు తాగే నీటి మాట ఆయన ఎత్తనే లేదు. చెరకు పంటకాలంలో 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల నీరు కావాలి. మా వానలు ఒక్కటే అంత ఇవ్వవు, మిగిలినదంతా చెరువూ బోరూ ఇవ్వవలసిందే. టన్ను చెరకు నుంచి తీసిన రసంతో సుమారు 70 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అది 55 కిలోలు అనుకుంటే, పైన చెప్పిన నిష్పత్తిలో ఎంత బాగా నడిచినా 34 కిలోల ఇంధనానికి మించదు, అందులోనూ అంతా విమానానికి పనికివచ్చే రకం కాదు. ఈ లెక్క చెప్పి మమ్మల్ని ఒప్పించి ఉంటే నేను మీ మాట గౌరవించేవాడిని.

రెండో ప్రశ్న వ్యర్థజలం గురించి. ఇథనాల్‌ను ఇక్కడే తయారుచేస్తారా, బయటి నుంచి ట్యాంకర్లలో తెస్తారా అని అడిగితే "రెండు అవకాశాలూ పరిశీలనలో ఉన్నాయి" అన్నారు. మాకు మాత్రం ఆ రెండింటి మధ్య నేలకూ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) నుంచి లీటరు ఆల్కహాలు తీస్తే 8 నుంచి 15 లీటర్ల వరకు ముదురు గోధుమరంగు స్పెంట్ వాష్ అనే వ్యర్థజలం మిగులుతుంది. చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధిచేస్తామని కరపత్రంలో రాశారు, సంతోషం. కానీ 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఎలా ఖాళీ చేయించారో మీరు ఎంచుకున్న స్థలం చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. మా చెరువు మొరవ (అలుగు) ఆ వారమంతా ఆగకుండా పోయింది. అలాంటి వానలో మీ నిల్వ గుంతల గట్లు ఎంత ఎత్తున ఉంటాయి, పొర్లితే ఆ నీరు ఏ వాగులోకి పోతుంది అని అడిగినందుకు నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

ఇది నా పొలానికి మాత్రమే సంబంధించిన భయం కాదు. మా బావమరిది కుటుంబం శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేస్తుంది. కరక్కాయ కషాయంలో, గేదెపాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుము ఊరబెట్టి తీసిన నల్లరంగుతో గీతలు గీస్తారు. పటిక అద్దిన చోట ఎరుపు పడుతుంది. ఒక్కో దశ తరువాత గుడ్డను పారే నీటిలో జాడించాలి. నిలవ నీటిలో జాడిస్తే వదిలిన రంగు మళ్లీ తెల్లని భాగానికి అంటుకుంటుంది. ఏట్లో నీళ్లు పారే కొద్ది రోజుల కోసం మా బావమరిది గుడ్డలు పేర్చుకుని ఎదురుచూస్తాడు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పని ఆ నీటి మీద ఆధారపడి ఉందని మీ ప్రభావ జాబితాలో ఒక్క అక్షరం కూడా లేదు. శ్రీకాళహస్తిలో ఒక్క కలంకారీ ఇంటికి కూడా మీ మనిషి వెళ్లలేదు.

మూడో ప్రశ్న ముడిసరుకు గురించి. మా ప్రాంతంలో సహకార చక్కెర కర్మాగారాలు మూతబడ్డాక చెరకు వేసేవాళ్లు తగ్గిపోయారు. చెరకు కొనేవాళ్లు వస్తున్నారని విన్నప్పుడు మా ఊళ్లో అందరికంటే ముందు సంతోషించినవాడిని నేనే. అందుకే ధర ఎంత, కోసిన చెరకుకు డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, రాతపూర్వక ఒప్పందం ఉంటుందా అని అడిగాను. చెరకా, మొక్కజొన్నా, నూకలా అనేది ఇంకా తేలలేదని చెప్పారు. అది తేలకుండా ఈ ఇంధనం కాలుష్యాన్ని 80 శాతం వరకు తగ్గిస్తుందని తెర మీద ఎలా చూపించారు? అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ లెక్కలో మామూలు విమాన ఇంధనానికి ప్రతి మెగాజౌలు శక్తికి 89 గ్రాముల కర్బన ఉద్గారం. దేని నుంచి, ఏ భూమిలో పండించి తీశారన్నదాన్ని బట్టి కొత్త ఇంధనం లెక్క మారుతుంది. అమెరికా మొక్కజొన్న ఇథనాల్ మార్గానికి భూవినియోగ మార్పును, అంటే ఆ పంట కోసం కొత్త నేలను సాగులోకి తేవడం వల్ల వెలువడే కర్బనాన్ని కూడా కలిపితే మిగిలే లాభం దాదాపు ఉండదు. ముడిసరుకు తెలియని ఇంధనానికి 80 శాతం అని చెప్పడం జనాన్ని తప్పుదారి పట్టించడమే.

ఈ ఇంధనం వద్దని మేము అనడం లేదు. అంతర్జాతీయ విమానాల్లో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం కలపాలని దేశం లక్ష్యం పెట్టుకుంది కాబట్టి ఎక్కడో ఒకచోట కర్మాగారాలు రావలసిందే. అది రేణిగుంట విమానాశ్రయానికి దగ్గరలో, మా మధ్య వస్తే మా పిల్లలకు పని దొరకవచ్చు. ఇథిలీన్, హైడ్రోజన్ వంటి మండే వాయువులు నిల్వ ఉండే చోటికి ఊరు ఎంత దూరంలో ఉండాలి, ప్రమాదం జరిగితే సైరన్ ఎవరు మోగిస్తారు, జనం ఎటు వెళ్లాలి అన్నవి మాత్రం ముందే తెలియాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి పాకినప్పుడు నిద్రలో ఉన్న జనానికి ఏమి జరిగిందో మేమందరం టీవీలో చూశాం.

కనుక మిమ్మల్ని కోరేది ఇది. 212 మంది సమ్మతి తెలిపారని రాసిన లేఖను వెనక్కు తీసుకుంటున్నట్టు పంచాయతీకీ, ఆ లేఖ ప్రతి వెళ్లిన ప్రతి కార్యాలయానికీ రాతపూర్వకంగా తెలపండి. ఆ సంతకాల కాగితాలను ఏ దరఖాస్తుకూ జతచేయకండి, చేసి ఉంటే తొలగించండి. వేలిముద్రలు వేసినవారి ఇళ్లకు మీ మనిషిని పంపి, ఆ కాగితంలో ఏమి రాసి ఉందో తెలుగులో చదివి వినిపించండి. నేను అడిగిన మూడు ప్రశ్నలూ, మిగిలినవారు అడిగినవీ మీ సమావేశ నివేదికలో చేర్చండి. ప్రస్తుతం అందులో "స్థానికులు ఉపాధి అవకాశాల గురించి ఆసక్తి కనబరిచారు" అన్న ఒక్క వాక్యమే ఉంది. నీరు, వ్యర్థజలం, ముడిసరుకు, భద్రత గురించిన వివరాలను తెలుగులో అచ్చువేసి మా పంచాయతీ కార్యాలయంలో పెట్టండి. వాటిని చదువుకోవడానికి నెల రోజులు గడిచాక, మా పాఠశాల ఆవరణలో, సాయంత్రం అయిదు తరువాత, కూలికి వెళ్లిన ఆడవాళ్లు తిరిగి వచ్చే వేళకు సమావేశం మళ్లీ పెట్టండి. అప్పుడు కూడా నేను వస్తాను. హాజరు పట్టిక అని తెలుగులో రాసి ఉన్న కాగితం మీద సంతకం చేస్తాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా తెలుగులో సమాధానం పంపగలరు. రాకపోతే ఈ లేఖనూ, సంతకాల కాగితం నకలునూ జిల్లా కలెక్టరు గారికీ, కాలుష్య నియంత్రణ మండలికీ నేనే స్వయంగా అందజేస్తాను.

ఇట్లు,
37వ వరుసలో సంతకం చేసిన రైతు

జతపరచినవి: మీ లేఖ నకలు, సంతకాల కాగితం మొదటి పుట నకలు, సమావేశం కరపత్రం.