బొమ్మ కింది మాట ఎక్కడికి పోయింది?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత ఫ్యాషన్ల మీద వేసిన పేజీ చూశాను. మధ్యలో నలుగురు ఆడవాళ్ల పెన్ను బొమ్మ పెద్దగా వేసి, కింద 'వందేళ్ల కిందటి అమెరికా అందగత్తెలు' అని రాశారు. అందగత్తెలే, కాదనను. కానీ ఆ నలుగురూ బల్ల మీదకి వంగి దేన్ని చూస్తున్నారో మీవాళ్లు గమనించారా? మీ పేజీలో కనపడదు లెండి, చోటు చాలక కాబోలు కింది భాగం కోసేశారు. అసలు బొమ్మలో అక్కడ బొటనవేలంత మగాడొకడు మోకాళ్ల మీద ఉంటాడు. ఒకామె భూతద్దం పెట్టి వాణ్ని పరీక్షిస్తుంటే ఇంకొకామె సూదితో పొడిచి చూస్తుంటుంది. అమెరికా చిత్రకారుడు చార్లెస్ డానా గిబ్సన్ గీసిన ఆ బొమ్మ 1903లో కొలియర్స్ అనే అక్కడి వారపత్రికలో వచ్చింది. దానికి ఆయన పెట్టిన పేరు మన మాటల్లో చెప్పాలంటే 'అబలలు'. ఇప్పుడు చెప్పండి, మీరు కోసేసింది కాగితాన్నా, జోకునా?

నేను రిటైరైన టీచర్ని. ఈ గిబ్సన్ బొమ్మలు నా దగ్గర ముప్పై దాకా ఉన్నాయి. మొదటిది హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల గుట్టలో దొరికింది, ఎవరో ఏ ఆల్బమ్‌లోంచో చింపిన ఒంటి పేజీ. తర్వాతవి చాలా వరకు మా మేనల్లుడు అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా రెండు అట్టల మధ్య పెట్టి తెచ్చినవే. బంగారం తెమ్మంటారు గానీ పాత కాగితాలు తెమ్మనే అత్తని నిన్నే చూశానంటాడు.

బొమ్మ కింది మాట మీద నాకింత పట్టింపు ఎందుకంటే, ఒకసారి చేతులు కాలాయి. 'లైఫ్'లో వచ్చిన రెండు పేజీల బొమ్మ ఒకటి (ఫొటోలకి పేరుపడ్డ లైఫ్ కాదు, అంతకు ముందు 1883లో మొదలైన హాస్య పత్రిక) మా ఇజీనగరంలోనే ఒక ఫ్రేముల షాపులో ఇచ్చాను. ఆ కుర్రాడు పాపం మంచి పని చేద్దామనే చేశాడు. మధ్యలో మడత కనపడకుండా ఇస్త్రీ చేసి, వెనక అంతా బంక రాసి అట్టకి అంటించి, ఫ్రేముకి సరిపడటం లేదని కింద రెండు వేళ్ల వెడల్పు కాగితం కోసి పారేశాడు. ఆ రెండు వేళ్లలోనే ఉంది కదా అసలు మాట! చెత్తబుట్ట వెతికించాను, దొరకలేదు. ఇప్పుడా బొమ్మలో ఒక అమ్మాయీ ఒక ముసలాయనా ఎదురెదురుగా కూర్చుని ఉంటారు, అంతే. ఇంటికొచ్చిన వాళ్లు తండ్రీ కూతుళ్లా అని అడుగుతారు. కాదు, పెళ్లి కుదిరిన వాళ్లు. ఆ సంగతి కింద రాసి ఉండేది.

గిబ్సన్ బొమ్మలు చాలానే ఈ పెళ్లి బేరాల మీద ఉన్నాయి. కొత్తగా డబ్బు చేసిన అమెరికా వాళ్లు, అప్పుల్లో మునిగిన యూరప్ దొరలకి కూతుళ్లనిచ్చి బిరుదులు కొనుక్కునే రోజులవి. 1895లో వాండర్‌బిల్ట్ అనే అమెరికా కోటీశ్వరుల ఇంటి పిల్లని, కాన్సువేలో అనే అమ్మాయిని, తల్లి పట్టుబట్టి ఇంగ్లండు దొర మార్ల్‌బరో డ్యూక్‌కి ఇచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1892లో, మా ఊళ్లో గురజాడ వారి కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. అక్కడ డబ్బిచ్చి అల్లుణ్ని కొంటున్నారు, ఇక్కడ డబ్బు తీసుకుని పిల్లని అమ్ముతున్నారు. ఆయన పెన్నుతో గీసి నవ్వించాడు, ఈయన పెన్నుతో రాసి నవ్వించారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదనుకోండి. కానీ నాకు ఆ బొమ్మలు పరాయివిగా అనిపించకపోవడానికి కారణం అదే. మధురవాణి మాటలన్నీ తీసేసి చీర కట్టు మాత్రం చూపిస్తే ఎలా ఉంటుందో, గిబ్సన్ బొమ్మ కింద మాట కోసేస్తే అలా ఉంటుంది.

అంత దూరం ఎందుకు, మన బాపు గారి కార్టూన్ కింద మాట కోసేసి గోడకి తగిలించుకుంటామా? వడ్డాది పాపయ్య గారి (మన శ్రీకాకుళంలోనే పుట్టారు) చందమామ అట్టబొమ్మలంటే అది వేరు, అక్కడ రంగులే అన్నీ చెప్పేస్తాయి. గీత బొమ్మ అలా కాదు.

మీ పేజీలో ఇంకో తప్పు కూడా ఉంది. ఇవి 'చేత్తో గీసిన అసలు చిత్రాలు' అని రాశారు. కావు, అచ్చువి. పెన్ను బొమ్మని ఫొటో తీసి జింకు రేకు మీదకి ఎక్కించి, గీత లేని చోటల్లా యాసిడ్‌తో తినిపించి బ్లాకు చేసేవారు. మిగిలిన గీతలు అచ్చక్షరాల్లాగే పైకి లేచి ఉండేవి. పాతది కొనేవాళ్లు వాచీలు బాగుచేసే వాళ్ల అద్దం ఒకటి పెట్టుకుని చూడాలి. ఆనాటి అచ్చయితే గీత నల్లగా, తెగకుండా ఉంటుంది. ఈ మధ్య తీసిన కాపీల్లో మామూలుగా చుక్కలు చుక్కలుగా కనపడుతుంది. పత్రికలోంచి చింపిన పేజీకి వెనక వైపు ఏదో ఒక అచ్చు కూడా ఉంటుంది, నా దగ్గరున్న ఒకదాని వెనక సబ్బు ప్రకటన ఉంది. అప్పటి చవక కాగితం వయసుతో పాటు గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కుతుంది కాబట్టి ఎండ తగిలే గోడకి పెట్టకూడదు, బంక అసలే వద్దు. ఇవన్నీ మీరు రాసి ఉంటే ఎంతమందికి పనికొచ్చేదో!

గిబ్సన్ బొమ్మల్లోని అమ్మాయిలకి నమూనాగా నిలిచిన వాళ్లలో గిబ్సన్ భార్య ఐరీన్ ఒకరని మీవాళ్లు రాశారు, సంతోషం. ఆవిడ చెల్లెలు నాన్సీ ఆస్టర్ 1919లో బ్రిటన్ పార్లమెంటులో కూర్చున్న మొదటి మహిళ అని కూడా ఒక ముక్క రాసి ఉంటే, ఆ 'అబలలు' అనే పేరు ఇంకా బాగా పేలేది. మా ఆయనకి ఆ బొమ్మ చూపిస్తే "ఇందులో నవ్వడానికి ఏముంది" అన్నారు, భూతద్దం ఉన్నామె వైపు మాత్రం రెండోసారి చూడలేదు.

వచ్చే ఆదివారం ఆ బొమ్మని ఆ చిన్న మగాడితో సహా, కింద పేరుతో సహా మళ్లీ వేయమని కోరుతున్నాను. మీ దగ్గర పూర్తి బొమ్మ లేకపోతే నా దగ్గర ఉంది. పోస్టులో పంపను, కొరియర్‌లో అసలు పంపను. నేనే తెస్తాను, స్కాన్ చేసుకున్నంతసేపు పక్కనే కూర్చుంటాను. కత్తెర మాత్రం బల్ల మీద కనపడకూడదు.

ఇట్లు
ఒక పాఠకురాలు, విజయనగరం