పూడిక తీసే ముందు ఒక్క గొట్టం దించండి

సంపాదకులకు,

ఎండాకాలం వస్తే మీ జిల్లా పేజీలో పూడికతీత వార్తలు మొదలవుతాయి, ఎన్ని ట్రాక్టర్లు, ఎవరు కొబ్బరికాయ కొట్టారు అని. పూడిక తీయొద్దని నేననను, మా చేనికీ తోలించుకున్నా. కానీ మొన్న మా చెరువులో తవ్విన గుంత అంచున నిలబడి చూస్తే పైన రెండడుగులు నల్లటి బంక, దాని కింద వేలెడంత తెల్లటి ఇసుక, మళ్లీ బంక. ఆ ఇసుక ఎప్పుడో వంక పొంగి తెచ్చిందే కదా, ఏ ఏడాదిదో అంటే జేసీబీ డ్రైవర్ నవ్వాడు. సాయంత్రానికి అదీ ట్రాలీలోకి ఎక్కేసింది.

ఇలాంటి పొరల్లోంచే పాత వానల లెక్క తీస్తారండీ. కెనడా పడమటి తీరంలో సానిచ్ ఇన్‌లెట్ అని భూమిలోకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ ఉంది. దాని మొగదల నీళ్ల అడుగున గడపలా ఒక మిట్ట అడ్డం ఉంటుంది (మన కడప పేరు కూడా గడప నుంచే వచ్చిందంటారు, అందుకే గుర్తుండిపోయింది). ఆ మిట్ట వల్ల లోపలి లోతు నీళ్లకు ఆక్సిజన్ సరిగా అందదు, పురుగూ పుట్రా బతకవు, బురదను కెలికేవి లేవు కాబట్టి ఏ ఏటి పొర ఆ ఏటికే విడిగా మిగిలిపోతుంది: వసంతం, వేసవుల్లో డయాటమ్‌లనే కంటికి ఆనని నాచు గుల్లలు పడి లేత పొర, చలికాలం వానలకు కొట్టుకొచ్చిన మట్టితో ముదురు పొర. 1996లో ఓడ మీంచి డ్రిల్ చేసి 100 మీటర్లకు పైగా లోతు నుంచి మట్టి తీశారు. పొరల మందం, చేపల పొలుసులు, అన్నీ చూస్తారు. దాదాపు 7,600 ఏళ్ల కిందట అమెరికాలో పేలిన మజామా అగ్నిపర్వతం బూడిద కూడా అందులో దొరికింది, లెక్క సరిచూసుకోవడానికి అది మైలురాయి. అలాంటి బూడిద మన పక్కనే ఉంది, నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, ఇండోనేషియాలో సుమారు 74,000 ఏళ్ల కిందట పేలిన టోబాది. దాన్నీ తవ్వి తోలుకున్నారు.

మన చెరువు సానిచ్ కాదు, ఒప్పుకుంటా. ఎండితే బీటలు వారి పైమట్టి కిందికి జారుతుంది, గొడ్లు తొక్కుతాయి, ఏటికొక పొర విడిగా దొరకదు. అయినా పెద్ద వరద తెచ్చిన ఇసుక పట్టీ అంత సులభంగా చెరిగిపోదు. పైగా పోరుమామిళ్ల చెరువుకు ఇంకో సౌకర్యం ఉంది, 1369 నాటి శాసనంలో దాన్ని కట్టించిన సంగతి ఉంది, మంచి చెరువుకు 12 లక్షణాలు, 6 దోషాలు కూడా రాసి పెట్టారు, అంటే పూడిక ఎప్పటి నుంచి పడటం మొదలైందో మనకు ముందే తెలుసు. మన దగ్గర గేజీ పెట్టి వాన కొలిచిన లెక్కలు ఇంగ్లీషు వాళ్ల కాలం నుంచే దొరుకుతాయి. అంతకు ముందు ఐదు వందల ఏళ్ల వానల సంగతి ఆ బురదను తప్ప ఎవర్నడగాలి? 1876 ధాత కరువు ఏమైనా జాడ వదిలిందేమో కూడా చూడొచ్చు.

ఖర్చు పెద్దదేమీ కాదు. యోగి వేమన యూనివర్సిటీలో జియాలజీ పిల్లలున్నారు. కొబ్బరికాయ కొట్టే ముందు రోజు వాళ్లను పిలిచి, చెరువు నడిమధ్యన రెండు మూడు చోట్ల పైపులు దించి, మట్టి తీసి, ఊరి పేరు, తేదీ రాసి పక్కన పెట్టమనండి. ఆ మరుసటి రోజు జేసీబీలు దిగనీయండి.

ఒక రైతు, పోరుమామిళ్ల, కడప జిల్లా