ఆ దుకాణాలను ముంచింది అప్పు

సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ పత్రికలో మన గోదావరి జిల్లాల క్రీడాసామగ్రి దుకాణాల కష్టాలపై వచ్చిన వ్యాసంలో, అమెరికాలో స్పోర్ట్స్ అథారిటీ అనే పెద్ద గొలుసు దుకాణాల సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల దెబ్బకే మూతపడిందని ఒక్క వాక్యంలో తేల్చివేశారు. ముప్ఫై ఏళ్లకు పైగా కోనసీమ పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, వాలీబాల్ నెట్ల కోసం, షటిల్ కాక్‌ల కోసం అటువంటి దుకాణాల చుట్టూ తిరిగినవాణ్ణి. 2016 వేసవిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ నగరాన మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు ఆ సంస్థ ఆఖరి అమ్మకాలను కళ్లారా చూసినవాణ్ణి కూడా. అందుకే ఆ వాక్యాన్ని చూసీచూడనట్టు వదిలేయలేకపోయాను.

ఆ సంస్థకు రెండు వేర్లు ఉన్నాయి. పాతది డెన్వర్‌లో ఉంది. నేథన్ గార్ట్ అనే ఆయన 1928లో యాభై డాలర్ల విలువైన చేపల గాలాల కర్రలతో అక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన ఇంటింటికీ పత్రిక వేసే కుర్రాడన్న సంగతి మీ పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. అదే గార్ట్ స్పోర్ట్స్‌గా పెరిగి, 1971లో ఒక పాత కార్ల షోరూం భవనంలో స్పోర్ట్స్‌క్యాజిల్ పేరిట అంతస్తుల దుకాణమై, డాబా మీద టెన్నిస్ ఆడించేంత హంగు సంపాదించింది. మంచుకాలానికి ముందు ఏటా జరిపే స్కీల (మంచు మీద జారే పలకల) అమ్మకానికి, బార్గెయిన్స్ అనే ఇంగ్లీషు మాటను తిరగరాసి, స్నియాగ్రాబ్ అని పేరు పెట్టుకున్నారు. రెండో వేరు 1987లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో పుట్టిన స్పోర్ట్స్ అథారిటీ. 1990లో దాన్ని కేమార్ట్ అనే పెద్ద చిల్లర దుకాణాల సంస్థ కొని, కొన్నేళ్లకే వదులుకుంది. 2003లో రెండు సంస్థలూ ఒకటైనప్పుడు పేరు ఫ్లోరిడాది నిలిచింది, ప్రధాన కార్యాలయం కొలరాడోలో ఉండిపోయింది.

అసలు కథ 2006లో ఉంది. ఆ ఏడు లియొనార్డ్ గ్రీన్ అనే పెట్టుబడి సంస్థ సుమారు 130 కోట్ల డాలర్లకు స్పోర్ట్స్ అథారిటీని కొన్నది. ఆ సొమ్ములో చాలా భాగం అప్పు, ఆ అప్పు మోయవలసింది కొన్నవారు కాదు, అమ్ముడుపోయిన సంస్థే. మన లెక్కలో చెప్పాలంటే, ఒక రైస్‌మిల్లును తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో ఆ మిల్లునే కొని, వాయిదాలు మిల్లు ఆదాయంలోంచే కట్టాలనడం వంటిది. ధాన్యం బాగా వచ్చిన ఏడు ఆ లెక్క నడుస్తుంది, తుపాను వచ్చిన ఏడు నడవదు. 2016 జనవరిలో సుమారు రెండు కోట్ల డాలర్ల వడ్డీ వాయిదా కట్టలేకపోయిన ఆ సంస్థ మార్చి 2న దివాలా కోర్టుకు వెళ్లింది. అప్పటికి నెత్తిన ఉన్న అప్పు సుమారు 110 కోట్ల డాలర్లు, దుకాణాలు 460కి పైగా, ఉద్యోగులు పధ్నాలుగు వేల పైచిలుకు. ఆన్‌లైన్ పోటీ లేదని నేను అనడం లేదు. అయితే అదే వ్యాపారంలో ఉండి అదే పోటీని ఎదుర్కొన్న డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ అనే సంస్థ ఈనాటికీ నడుస్తూనే ఉంది. దుకాణాలకు రంగు వేయించడానికీ, వెబ్‌సైటు బాగుచేసుకోవడానికీ ఉండవలసిన డబ్బు వడ్డీకే పోతుంటే ఎవరు మాత్రం నిలబడతారు?

మీ వ్యాసం ప్రస్తావించని మరో ముచ్చట మన కొబ్బరి రైతులకు వెంటనే అర్థమవుతుంది. అంబాజీపేట నుంచి లారీ కాయ ఎత్తి, సరుకు అమ్మాక డబ్బు పంపమని దూరదేశపు కమీషన్ వ్యాపారికి అప్పగిస్తాం. ఆ వ్యాపారి దివాలా తీస్తే గోదాములో మిగిలిన కాయలు ఎవరివి? రైతువా, వ్యాపారికి అప్పిచ్చిన బ్యాంకువా? స్పోర్ట్స్ అథారిటీకి బూట్లు, బట్టలు, ఆటవస్తువులు అదే పద్ధతిన పంపిన సుమారు 160 సరఫరాదారులకు సరిగ్గా ఈ తగువే వచ్చింది. కోర్టుకు వెళ్లిన నెలలోనే సంస్థ వారిపై దావాలు వేసింది. సరుకు తమదేనన్న హక్కును సకాలంలో నమోదు చేయించుకోని వారు అప్పులవాళ్ల వరుసలో వెనక్కి పోవలసిన స్థితి. మన జిల్లాల చిన్న దుకాణదారులూ, వారికి బ్యాట్లు, బంతులు అరువిచ్చే టోకు వర్తకులూ తెలుసుకోవలసిన భాగం ఇదే. వ్యాసంలో లేనిది కూడా ఇదే.

మొదట 140 దుకాణాలు మూసి మిగిలినవి నిలబెడతామన్నారు గానీ, వసంతం గడిచేసరికి అన్నీ మూసివేత అమ్మకాలకే దిగాయి. జూన్‌లో మా అమ్మాయితో వెళ్లిన దుకాణంలో బంతుల మీదే కాక, బంతులు పెట్టే ఇనుప అరల మీద కూడా ధరచీటీలు అంటించారు. మా బడి పిల్లలకని రెండు వాలీబాల్స్ కొన్నాను. బిల్లు వేసిన యువకుడికి ఆ నెలాఖరు తరువాత ఉద్యోగం లేదట. జూలై చివరికి తలుపులన్నీ మూతపడ్డాయి. ఆ పేరును మాత్రం డిక్స్ వారే కోటిన్నర డాలర్లకు వేలంలో దక్కించుకున్నారు. డెన్వర్ బ్రాంకోస్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆడే మైదానానికి 2011లో పెట్టినది కూడా ఆ పేరే. ఆ జట్టు ఆ ఆటలో ఏటా జరిగే ఆఖరి పోటీ సూపర్ బౌల్ గెలిచి నెల తిరక్కముందే సంస్థ దివాలా కోర్టు మెట్లెక్కింది. మైదానం మీది బోర్డు అక్షరాలను 2018 జనవరిలో గాని దించలేదు.

వచ్చే ఆదివారం సంచికలో ఆ వాక్యానికి సవరణ వేయగలరని, వీలైతే అరువు సరుకు సంగతిని స్థానిక వర్తకులతో మాట్లాడి విడిగా రాయించగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
అమలాపురం.