కొరియా మాట ఇంగ్లీషు చుట్టూ తిరిగి రానక్కర్లేదు

సంపాదకుడు గారికి,

‘స్క్విడ్ గేమ్’ తెలుగు మాటలతో వచ్చినప్పటి నుంచి కొరియా, జపాన్, థాయ్‌లాండ్, చైనా సీరియళ్లు మన ఇళ్లలోనూ మామూలైపోయాయి. వాటిలో ఒక పెద్ద పాయ బీఎల్ (బాయ్స్ లవ్), అంటే ఇద్దరు మగవాళ్ల ప్రేమను చెప్పే సీరియళ్లు. వీటి గురించి చర్చ ఎప్పుడు లేచినా ‘చూడొచ్చా, చూడకూడదా’ అన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ మాటలు తెలుగులోకి ఎలా వస్తున్నాయో, ఎలా రావాలో అడిగేవాళ్లు తక్కువ. తెలుగు అనువాదాలు చేయించే ఓటీటీ సంస్థలకు మీ పత్రిక ద్వారా ఒకటే విజ్ఞప్తి: ఈ సీరియళ్లను ఇంగ్లీషు మీదుగా కాకుండా మూలభాష నుంచే తెలుగు చేయించండి.

ఈ రంగంలో వాడుక ఇది. ముందు కొరియన్ నుంచో థాయ్ నుంచో ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు తయారవుతాయి. ఏ మాట ఏ క్షణంలో తెర మీదికి వచ్చి ఏ క్షణంలో పోవాలో అందులోనే బిగించేస్తారు. దాన్ని టెంప్లేట్ అంటారు. మిగతా భాషల అనువాదకులకు అందేది చాలాసార్లు అదే. ఒక్కో సబ్‌టైటిల్ రెండు వరసలు దాటకూడదు, ఏడు సెకన్లకు మించి నిలవకూడదు. ఇంగ్లీషు వాక్యానికి కొలిచి కుట్టిన ఆ చొక్కాలోకి తెలుగు వాక్యాన్ని దూర్చాలి.

చిత్రమేమిటంటే కొరియన్, జపనీస్ భాషల్లో కూడా మనలాగే క్రియ చివర్లో వస్తుంది. కొరియా సీరియల్లో ఒకడు తన ప్రేమను చెప్పేటప్పుడు ‘నేను’ అని ఆగుతాడు, ‘నిన్ను’ అని ఇంకాస్త ఆగుతాడు, ‘ఇష్టపడుతున్నాను’ అని ముగిస్తాడు. ఆ రెండు ఆగడాల్లోనే నటుడి పనంతా ఉంది. తెలుగులో ఆ వరస మాట మాటకీ అలాగే కుదురుతుంది. ఇంగ్లీషులో ఇష్టం ముందొచ్చి మనిషి తర్వాత వస్తాడు. ఆ టెంప్లేట్ పట్టుకుని తెలుగు చేస్తే నటుడు ఇంకా నోట మాట రాక తడబడుతుండగానే కింద ‘ఇష్టపడుతున్నాను’ అని పడిపోతుంది. దృశ్యం మిగలదు.

అంతకంటే పెద్ద నష్టం పిలుపుల్లో ఉంది. కొరియన్‌లో ఇద్దరు దగ్గరయ్యాక ఒకరు ‘ఇక మాట దించొచ్చా’ అని అడుగుతారు. అంటే మర్యాద రూపాలు వదిలేద్దామా అని. ఇంగ్లీషులో మీరు, నువ్వు తేడా లేదు కాబట్టి ‘క్యాజువల్‌గా మాట్లాడుకుందామా’ వంటి మాటేదో పెడతారు. దాన్నుంచి వచ్చిన తెలుగు ‘మనం ఫ్రీగా ఉందాం’ అంటుంది. నేరుగా చేస్తే ‘ఇక నువ్వు అనొచ్చా?’ సరిపోతుంది. మూడే మాటలు, ఏ తెలుగువాడికీ వివరించనక్కర్లేదు.

థాయ్‌లో ఇది మరీ సూక్ష్మం. బాగా చనువున్న మగపిల్లలు ‘నేను’, ‘నువ్వు’లకు ‘కూ’, ‘మ్యుంగ్’ అనే ముతక మాటలు వాడుకుంటారు. అవి కొత్తవాళ్లతో అంటే తిట్టు, స్నేహితుడితో అంటే ప్రేమ. మన ‘ఒరేయ్’, ‘రా’ చేసే పనీ అదే. 2021లో మొదలైన ‘బ్యాడ్ బడ్డీ’లో పక్కపక్క ఇళ్లవాళ్లు, శత్రు కుటుంబాల వాళ్లు అయిన పాట్, ప్రాన్‌ల మాట ఈ ముతక చనువులోనే నడుస్తుంది. ప్రేమ మొదలైంది కదా అని తెలుగులో ‘రా’ తీసేసి పుస్తకాల భాష పెడితే ఆ ఇద్దరూ మనకు పరాయివాళ్లయిపోతారు. 2016 నాటి ‘సోటస్’ దీనికి పూర్తిగా ఎదురు. ఇంజినీరింగ్ కాలేజీలో సీనియర్ల పెత్తనం కథ అది. 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసుకున్న మనకు ఆ వాతావరణం చెప్పకుండానే తెలుస్తుంది. ఫస్టియర్ కుర్రాడు కొంగ్‌పోబ్ సీనియర్ ఆర్థిత్‌ను ఎదిరిస్తాడు, కానీ ప్రతి వాక్యం చివరా మర్యాద మాట ‘ఖ్రాప్’ చేరుస్తూనే ఉంటాడు. ఆ పొగరంతా మర్యాదలోనే ఉంది. తెలుగులో అతని చేత ‘నువ్వు’ అనిపిస్తే పోకిరిగా కనిపిస్తాడు. ‘మీరు’, ‘అండీ’ ఉంచితేనే ఆ పాత్ర నిలుస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు. థాయ్‌లో వయసులో పెద్దవాళ్లను, ప్రేమికుడైనా సరే, ‘అన్న/అక్క’ అర్థం వచ్చే ‘పీ’ అనే మాటతో పిలుస్తారు. కొరియన్‌లో మగవాడు తనకన్నా పెద్దవాడైన మగవాడిని ‘హ్యోంగ్’ అంటాడు. వీటిని ‘అన్నయ్య’ చేస్తే తెలుగు చెవికి ప్రేమకథ అక్కడే చచ్చిపోతుంది, ఎందుకంటే మనకు అన్నయ్య అంటే అన్నయ్యే. ‘బావ’ అంటే ప్రేమ కుదురుతుంది గానీ లేని మేనరికం ఒకటి పుట్టుకొస్తుంది. ‘హ్యోంగ్’ను అలాగే ఉంచవచ్చు, రెండు ఎపిసోడ్లలో అలవాటవుతుంది. ‘పీ’ని యథాతథంగా రాస్తే మనకు వినడానికి బాగుండదు. దాన్ని వదిలేసి ఆ గౌరవాన్ని ‘మీరు’లో, క్రియలో మోయించడం మేలు. నొక్కి పిలిచిన చోట మాత్రం ‘సీనియర్’ అనవచ్చు.

మరో మాట ‘ఫేన్’. ప్రేమించుకుంటున్న ఇద్దరిలో ఎవరినైనా, ఆడైనా మగైనా, థాయ్‌లో అదే అంటారు. ‘ప్రియుడు’ పాతకాలపు పాటలా ఉంటుంది. మనవాళ్లు రోజూ అనే ‘లవర్’ దానికి చక్కగా అతుకుతుంది, పైగా అందులోనూ ఆడా మగా తేడా లేదు. 2020లో వచ్చిన ‘టుగెదర్’ కథంతా ‘చీప్’ అనే థాయ్ మాట మీద నడుస్తుంది: వెంటపడుతున్న ఒకడిని వదిలించుకోవడానికి టైన్ వెళ్లి సారవత్‌ను ‘నాకు చీప్ చేస్తున్నట్టు నటించు’ అని బతిమాలతాడు. ‘నన్ను ఆకర్షించడానికి ప్రయత్నిస్తున్నట్టు నటించు’ అని రాసే అవసరం లేదు. ‘నాకు లైన్ వేస్తున్నట్టు నటించు’ అంటే చాలు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ‘అతను’, ‘ఆమె’ల దగ్గర. థాయ్‌లో ‘ఖావ్’, మాట్లాడే చైనీస్‌లో ‘తా’ రెండిటికీ ఒకటే. కొరియన్, జపనీస్‌లలో కర్తను అసలు చెప్పకుండానే వాక్యం సాగిపోతుంది. అందుకే బీఎల్‌లో తరచూ వచ్చే ఘట్టం: తల్లి దగ్గరో స్నేహితుడి దగ్గరో కుర్రాడు తనకిష్టమైన మనిషి ఉన్న సంగతి మాత్రమే చెబుతాడు. ఎవరన్నది దాస్తాడు. వినేవాళ్లు అమ్మాయి అనుకుంటారు. తెలుగులో క్రియ కూడా లింగం చెప్పేస్తుంది కాబట్టి ‘వచ్చింది’ అంటే అబద్ధం చెప్పినట్టు, ‘వచ్చాడు’ అంటే గుట్టు రట్టు. కానీ మనకు ‘ఒకరు’ ఉంది. ‘నాకు నచ్చినవాళ్లు ఒకరున్నారు.’ ‘నిన్న వచ్చారు.’ ‘ఏమన్నారు?’ గౌరవ బహువచనం ఆ రహస్యాన్ని పది ఎపిసోడ్ల పాటు మోయగలదు. తెలుగుకున్న ఈ సౌకర్యం వాడుకోకుండా ‘ఆమె’ అని పెట్టడం నటుడికీ ప్రేక్షకుడికీ చేసే అన్యాయం.

‘స్నేహితుడు’ అని మెత్తబరచడం ఇంకో రకం అన్యాయం. మూలంలో లవర్ అని ఉంటే లవర్ అనే రాయాలి. అలాగే లేనిది చేర్చకూడదు కూడా. 2019లో వచ్చిన 50 ఎపిసోడ్ల చైనా సీరియల్ ‘ది అన్‌టేమ్డ్’ బీఎల్ నవల నుంచి తీసిందే అయినా అక్కడి ఆంక్షల వల్ల ప్రేమను పైకి చెప్పదు. ‘జీజీ’ అంటుంది, అంటే నన్ను ఎరిగినవాడు అని. దాన్ని ‘ఫ్రెండ్’కి దించవద్దు, ‘ప్రేమికుడు’గా పెంచవద్దు. ‘నా మనసెరిగినవాడు’ అంటే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. ఆ సీరియల్లో పేర్లూ అంతే ముఖ్యం. లోకానికి లాన్ వాంగ్‌జీ అయిన మనిషిని వెయ్ వుషియన్ ఒక్కడు ‘లాన్ జాన్’ అని పుట్టినపేరుతో పిలుస్తాడు, అతను తిరిగి ‘వెయ్ యింగ్’ అంటాడు. ప్రేక్షకుడు తికమక పడతాడని పేర్లన్నీ ఒకటి చేస్తే ఆ సాన్నిహిత్యానికి ఉన్న ఒక పెద్ద గుర్తు చెరిగిపోతుంది.

తెర మీద అక్షరాల సంగతీ చూడాలి. 2020 నాటి జపాన్ సీరియల్ ‘చెర్రీ మ్యాజిక్’లో అదాచికి తాకిన మనిషి మనసులో మాట వినిపిస్తుంది. పైకి అన్నదీ లోపల అనుకున్నదీ వేరువేరుగా కనిపించకపోతే అది అర్థం కాదు. ఇంగ్లీషులో వంచిన అక్షరాలు వాడతారు. తెలుగు అక్షరాలను వంచితే గుడి, దీర్ఘం కలగలిసిపోతాయి, కాబట్టి కుండలీకరణాలు వాడాలి. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగలకుండా రెండు వరసల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఖాళీ వదలాలి.

థాయ్, కొరియన్ నేరుగా వచ్చిన తెలుగు అనువాదకులు అన్ని సీరియళ్లకూ దొరకరన్నది నిజం. దొరకనప్పుడు కనీసం టెంప్లేట్‌తో పాటు సంబోధనల పట్టిక ఇవ్వాలి: ఎవరు ఎవరిని ఏమంటారు, ఏ ఎపిసోడ్ ఏ నిమిషంలో అది మారుతుంది. పన్నెండు ఎపిసోడ్ల సీరియల్‌కి రెండు పేజీలు పట్టదు. అదే పట్టిక డబ్బింగ్ మాటల రచయితకూ అందాలి. లేకపోతే సబ్‌టైటిల్లో ‘మీరు’, మాటల్లో ‘నువ్వు’ వినిపిస్తాయి.

వయసు రేటింగ్ గురించి కొంచెం. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని విభజించాలి. ఆ విభజన హింస, భాష, శృంగారం ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉండాలి. ‘మై స్కూల్ ప్రెసిడెంట్’ వంటి బడిపిల్లల సున్నితమైన కథనూ, మాఫియా కథ ‘కిన్‌పోర్ష్’నూ బీఎల్ అన్న ఒక్క కారణంతో ఒకే గాటన కట్టకూడదు. తొలినాళ్ల థాయ్ సీరియళ్లలో బలవంతపు ముద్దును ప్రేమగా చూపిన సన్నివేశాలకు మాత్రం పెద్ద రేటింగే సరి, ఆ మాట అభిమానులం మేమే ముందు అంటాం. రేటింగ్ తప్పనిపిస్తే సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయవచ్చు. 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. అనువాదం తప్పులకు ఆ గడువు వర్తించదు గానీ, ఎపిసోడ్ నంబరు, నిమిషం, సెకను, తెర మీది తెలుగు వాక్యం, ఉండాల్సిన వాక్యం అన్నీ రాసి పంపండి. ‘అనువాదం బాగోలేదు’ అని మాత్రమే రాస్తే ఏ వరసను దిద్దాలో దిద్దేవాళ్లకు తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు