మా నాయిన కోసం వచ్చిన అందరికీ వందనాలు

అందరికీ వందనాలు. మా నాయిన పోయి ఇయ్యాల్టికి పదమూడు రోజులు. పదకొండో రోజు జ్ఞాపకార్థ కూడికల్నే మైకు పట్టుకుని చెప్దామనుకున్న, లేచి నిలబడ్డ గానీ నోట్లెకెళ్లి మాట రాలే. మా తమ్ముడు మైకు గుంజుకుని "అందరు అన్నం తిని పోండ్రి" అని కూసున్నడు, అంతే అయిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్న. పేర్లు పెడ్తలేను, ఒక్కరిని మర్చిపోయినా జిందగీ మొత్తం నాకే బాధ, పైగా ఇద్దరు ముగ్గురు "నా పేరు రాయకు బిడ్డా" అని ముందే ఒట్టు పెట్టిన్రు. చదివితే ఎవరి గురించో మీకే తెలుస్తది.

నాయిన తెల్వనోళ్లకు రెండు మాటలు. మాది మర్రిగూడ మండలం. ఆ పేరు చెప్తే ఈ జిల్లావోళ్లకు ఇంక చెప్పే పని లేదు. లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మా దిక్కు బోర్లకు ఆ లెక్క ఎన్నడూ పట్టలే. నీళ్లల్లకెళ్లి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టిన్రు, పటిక, సున్నం కలిపి తేరబెట్టుడు, ఆ పేరు దేశాలు దాటి పోయింది గానీ మా నాయిన నడుము వంగుడు మాత్రం ఆగలే. ముప్పై ఐదేండ్లప్పుడు మెడ పట్టేసింది, నేను పదో తరగతికి వచ్చేసరికి ఆయన భూమిని తప్ప వేరే చూడలేకపోయిండు. ఎదుటి మనిషి మొఖం చూడాలంటే తల పక్కకు తిప్పి ఒక కంటితోని చూసేది, "కోడిపుంజు చూపు" అని ఆయనే చెప్పుకుని నవ్వేది. మల్లి ఎల్లకిల పడుకుంది లేదు, ఇరవై ఏండ్లకు ఎక్కువ ఒక్క పక్కకే పడుకున్నడు. తాను గూడ ఫ్లోరైడ్ బాధితుడై ఉండి దాని మీద కొట్లాడిన శివన్నగూడెం అంశాల స్వామి 2022 జనవరిల చనిపోయిననాడు మాత్రం నాయిన నవ్వలే, అన్నం గూడ ముట్టలే. ఇప్పుడు భగీరథ నల్లాలు వచ్చినయ్, పిల్లలు నిటారుగనే పెరుగుతున్నరు, సంతోషమే. నాయినకే లేటైంది.

నేను నల్లగొండల టైలరింగ్ చేస్త. నాయిన అంగీలన్నీ నేనే కుట్టిన. ముందు భాగం ఇరవై నాలుగు ఇంచులు, వెనక ముప్పై ఐదు. రెడీమేడ్ వేస్తే నడుము బయట పడి చలికి వణికేది. ఎన్ని కుట్టిన్నో లెక్క లేదు, కొలత చూసుకునే పని గూడ లేకుండె, చెయ్యికి అలవాటైపోయింది.

మా తాతల కాలం నుంచి బాప్టిస్టు మిషన్ల ఉన్నోళ్లం. రష్యా నుంచి అబ్రహాం ఫ్రీజెన్ దొర అనే ఆయన 1890ల నల్లగొండల మిషన్ మొదలుపెట్టిండంటరు, నాయిన ఆ ముచ్చట పాత పెద్దల దగ్గర విని మాకు చెప్పేది, చివరికి "పాపం గంత దూరం నుంచి వచ్చి ఈ నీళ్లే తాగిండు" అనేది. మా చర్చికి గంట లేదు, యాపచెట్టుకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతది, ఆదివారం పొద్దుగాల ఆరింటికి దాన్ని ఇనుప రాడ్‌తోని కొట్టుడు నాయిన డ్యూటీ. నడుము వంగుతున్నకొద్దీ చెయ్యి అందకపోయేది, యూత్ పిల్లలు తీగె పొడుగు చేసి కిందికి దించుకుంట వచ్చిన్రు. లాస్ట్‌కు అది నా మోకాళ్ల కాడికి వచ్చింది.

పోయిన ఎండాకాలంల గొంతుల ముద్ద దిగుతలేదన్నడు. ముందు ఒక ప్రైవేట్ హాస్పిటల్‌ల చూపిచ్చినం, పేరు వద్దు, లక్షా ఎనభై వేలు టెస్టులకే అయినయ్, ఆపరేషన్ అన్నరు, మల్లి నడుము గిట్లుంటే మత్తు ఇయ్యరాదన్నరు, మల్లి డబ్బులు కట్టుండ్రి చూద్దామన్నరు. అప్పుడు మా మహిళా సంఘం అక్కలు పొదుపులకెళ్లి తీసి ఇచ్చిన్రు, నా వంతు రాకముందే ఇచ్చిన్రు, అక్కా ఆ కిస్తీ నేను తప్పకుండ కడ్త. తర్వాత రెడ్ హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌కు తీస్కపోయినం. ఆడ డాక్టరమ్మ ఒకామె స్టూలు గుంజుకుని నాయిన మొఖం కిందికి తన మొఖం పెట్టి, అంటే నాయిన కంటికి ఆమె కనవడేటట్టు వంగి మరీ, ఉన్నదున్నట్టు చెప్పింది, ముదిరిపోయింది తాతా, నొప్పి లేకుండ మేము చూస్కుంటం అని. అన్ని నెలల్ల నాయినకు వంగి మాట్లాడిన మొదటి డాక్టర్ ఆమె. మార్ఫిన్ గోళీలు ఉట్టిగనే ఇచ్చిన్రు, ఎట్ల ఎయ్యాలో కాయితం మీద సూర్యుడు చంద్రుడు బొమ్మలేసి చూపిచ్చిన్రు. నాయిన మళ్ల నిద్రపోయిండంటే ఆ గోళీల పుణ్యమే. అమ్మా, మీరు ఇది చదువుతరో లేదో గానీ మీకు మా వందనాలు.

ఆ తొవ్వంత కారు తోలింది మా ఊరి బోరు మెకానిక్ భాయ్. మాల్ మీదికెళ్లి, ఇబ్రహీంపట్నం, సిటీ, ఏడు సార్లు. నాయినకు సీటుల ఒరిగి కూసునుడు రాదు గదా, వెనక సీటు మొత్తం బొంతలు పరిచి పక్కకు పండవెట్టి స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "చాచా సంభాల్కే" అనుకుంట పోయిండు. డీజిల్ పైసలు ఇస్తే రెండు సార్లు తీసుకున్నడు, ఐదు సార్లు కొట్టినంత పని చేసిండు.

ఇంకొకటి రాయాల్నా వద్దా అనుకున్న గానీ రాస్తున్న. ఆ మధ్యల ఎక్కడనుంచో ఒక ప్రసంగీకుడు వచ్చి ప్రార్థన చేసి పోతపోత, ఇంట్లవాళ్ల విశ్వాసం సరిపోతలేదు అందుకే స్వస్థత ఆగిందన్నడు. ఆ రాత్రి నేను వంటింట్ల కూసుని ఏడ్చిన, నాదే తక్కువైందేమో అని, నిజంగనే ఆ నెల రెండు ఆదివారాలు ఆర్డర్లున్నయని చర్చి ఎగ్గొట్టిన, అదే లెక్కేసుకున్న. తెల్లారి మా అయ్యగారు వచ్చి ఏం బోధ చెయ్యలే, నాయిన మంచం పక్కన కూసుని "మీకేం చదవమంటరు" అని అడిగిండు. నాయిన ఎప్పటిలెక్కనే లూకా పదమూడు అన్నడు. నడుము వంగిన ఆడామె ముచ్చట, ప్రభువు ఆమెను విశ్రాంతి దినాన పిలిచి లేపుతడు, సమాజమందిరం పెద్ద కోపం చేస్తడు. నాయిన అది విన్నప్పుడల్లా ఒకటే జోకు, "ఆమెకు పద్దెనిమిదేండ్లే, నాకు ముప్పై దాటినయ్, నేను సీనియర్‌ను". తర్వాత అయ్యగారి చెయ్యి పట్టుకుని అన్నడు, "ఆమె గూడ అడగలే గదా అయ్యగారూ, ఆయనే చూసి పిలిచిండు. నన్ను గూడ పిలుస్తడు, ఇక్కడ్నో అక్కడ్నో." ఇంక ఆ ప్రసంగీకుడి మాట నా మనసుల నిలవలే. అయ్యగారూ, మీరు ఆ రోజు ఏం మాట్లాడకుండ కూసున్నందుకు వందనాలు.

నాయినకు పరలోకమంటే బంగారు వీధులు గావు. నీళ్లు. ప్రకటన ఆఖరి అధ్యాయంల జీవజలముల నది స్ఫటికం లెక్క మెరుస్తదని ఉంటది గదా, ఆడికి రాంగనే చెయ్యి ఎత్తి ఆపేది, మల్లొకసారి చదవమనేది. "ఆడ బోరింగు ఉండది బిడ్డా, నదే ఉంటది, దానికి ఎవ్వడు సీసా వట్టుకొచ్చి టెస్టు చెయ్యడు" అని నవ్వేది. ఆఖరి వారం నీళ్లు గూడ దిగలే, దూది తడిపి పెదాలకు అద్దినం, అప్పుడు గూడ నది అనే మాట ఒకటి రెండు సార్లు అన్నడు. నాకైతే అప్పుడు నదేం కనవడలే, నాయిన పెదాలు పగులుడే కనవడ్డది. నమ్మలేదని గాదు, నమ్ముకుంటనే ఏడ్చిన.

నెల ముందు నన్ను పిలిచి ఒక పని చెప్పిండు. "నన్ను పండవెట్టేటప్పుడు తెల్లంగి కుట్టు. ఎనక ముందు సమానంగ కుట్టు. లేచేటప్పుడు గా పొడుగు తోక నాకెందుకు." బట్ట తెచ్చిన గానీ కత్తెర పెట్టబుద్ధి గాలే, సంచిల్నే ఉంచిన.

శనివారం దీపాలు వెట్టే యాళ్లకు పోయిండు. ప్రశాంతంగనే. మెల్లగ ఊపిరి తగ్గుకుంట తగ్గుకుంట ఆగిపోయింది, మా అమ్మ ఇంకా చెయ్యి నిమురుతనే ఉంది.

తమ్ముడు పెట్టె కోసం ఫోన్ చేసిండు. అమ్మేటాయన సంగతంత విని, ఏం గాదు, మోకాళ్ల మీద నడుము మీద జర గట్టిగ ఒత్తితే కూసుంటది, అందరికీ అట్లనే చేస్తం అన్నడట. తమ్ముడు ఫోన్ కట్ చేసి అరుగు మీద కూలబడ్డడు. ఆ మాట విన్నడు మా వడ్ల మామ. మామ మా చర్చిల ఎన్నడు అడుగు పెట్టలే, వాళ్ల దేవుడు వేరే, నాయినతోని మాత్రం చిన్నప్పుడు గొడ్లు కాసిండు. ఇంట్లకొచ్చి నాయిన ఎట్ల పండుకున్నడో అట్లనే కాసేపు చూసి, నా దిక్కు తిరిగి "టేపు ఉందా బిడ్డా" అన్నడు. నా టైలరింగ్ టేపే ఇచ్చిన. పొడుగు, ఎడల్పు, భుజం కాడ ఎత్తు, మోకాళ్ల కాడ ఎత్తు, ఒక్కొక్కటి కొలిచి అరచేతుల పెన్నుతోని రాసుకున్నడు. "పక్కకు పండుకున్నట్టే పెడ్దాం, ఎవ్వడు ఒత్తొద్దు" అన్నడు. ఇల్లు తలుపులకని పెట్టుకున్న యాప చెక్క కోసిండు. తెల్లార్లు రంపం సప్పుడు వినవడుతనే ఉంది. మామూలు పెట్టె కంటే ఎడల్పు, లోతు. చెక్క పైసలే తీసుకున్నడు, కూలి అంటే కోపానికొచ్చిండు.

ఆ రంపం సప్పుడు విన్నంకనే నేను సంచిలకెళ్లి బట్ట తీసిన. నా మిషను నల్లగొండల ఉండె, పక్కింటక్క తన కాలు మిషను అరుగు మీద పెట్టిచ్చింది. మరి కొలత? వంగని నాయినను నేను చూసినట్టు యాదికి లేదు. చిన్నాయిన లేచి నిలబడ్డడు. ఆయన పదహారేండ్లకే బొంబాయి పనికి పోయిండు, ఈ నీళ్లు ఎక్కువ తాగలే, ఇద్దరి కాళ్లు చేతులు ఒకటే తీరు. రాత్రి పదకొండు దాటినంక ఆ పెద్దమనిషి చేతులు పక్కకు చాపి నిటారుగ నిలబడ్డడు, మామ దగ్గరకెళ్లి టేపు తెప్పిచ్చుకుని నేను ఎనక కొలిచిన, ముప్పై. ముందు కొలిచిన, ముప్పై. చిన్నాయిన కండ్లల్లకెళ్లి నీళ్లు గారుతున్నయ్ గానీ కదల్లే. కరెంటు పోతే అక్క కొడుకు సెల్ లైటు పట్టుకుని గుండీలు కుట్టేదాకా నిలబడ్డడు, వానికి సోమవారం పరీక్ష ఉండె. చిన్నాయినా, అక్కా, చిన్నోడా, మీకు ఏమని చెప్పాలె నేను.

తెల్లారి ఆదివారం. ఆరు అయింది. పట్టా కొట్టెటోడు పెట్టెల ఉన్నడు, ఎవ్వరికీ కొట్టబుద్ధి గాలే. ఉన్నట్టుండి ఖణ్ ఖణ్ మని సప్పుడు. బయటికొచ్చి చూస్తే గొల్ల తాత. ఇన్నేండ్లు "మీ గంటతోని నా నిద్ర ఖరాబైతుంది" అని నాయినతోని కొట్లాడిన తాత, గొర్లను తొవ్వల్నే నిలబెట్టి, మోకాళ్ల కాడున్న పట్టాను కొట్టనీకె నాయిన లెక్కనే వంగి కొడుతున్నడు. ఎన్ని సార్లు కొట్టాలో ఆయనకు తెల్వదు, కొడుతనే ఉన్నడు. తాతా, నీ కాళ్లకు మొక్కుత.

యూత్ పిల్లల సంగతి. మామూలు బొంద అయితే నాలుగు గంటల పని, ఇది ఎడల్పు కావాలె, మూడడుగులకే గుండు తగిలింది. మా నేలల అంతా ఆ గట్టి రాయే, ఫ్లోరైడ్ గూడ ఆ రాళ్లల్లకెళ్లే నీళ్లల్ల కలుస్తదని స్కూల్ల సారు చెప్పిండు మాకు. జేసీబీ తెస్తమన్నరు గానీ సందుల పట్టలే, గడ్డపారలు, సమ్మెటలు పట్టుకుని తెల్లారుజాము నుంచి మధ్యాహ్నం దాకా పిల్లలు కొట్టిన్రు, ఒకని చెయ్యి పొక్కులు పగిలి నెత్తురు గారింది. పత్తి ఏరే సీజన్, రోజు కూలి మంచిగ దొరికే టైము, అయినా ఊరు ఊరంత ఆగిపోయింది. భూస్థాపన కాడ అయ్యగారు మొదటి కొరింథీ పదిహేను చదివిండు, బలహీనంగ విత్తింది బలంగ లేస్తదని. నేను ఆ అంగీ వెనక అంచు చూస్తున్న. నాయిన నడుముకు అది ఐదు ఇంచులు పొట్టి అయింది, స్త్రీల సమాజం పెద్దమ్మ తన శాలువ తీసి ఆడ కప్పింది.

ఇంకా టెంటు కిరాయి తీసుకోని తమ్మునికి, రెండు పూటలు అన్నం పప్పు పంపిన ఎస్సీ కాలనీ, పెద్దబజారు ఇండ్లోళ్లకు, బస్సు ఆపి మా అత్తగారోళ్లను ఊరి కాడ దించిపోయిన కండక్టరన్నకు, ఫోన్‌పేల వందా రెండొందలు పేరు లేకుండ వేసినోళ్లకు, అందరికి వందనాలు. మా ఇంట్ల రెండు స్టీల్ క్యాన్లు, ఒక పెద్ద గంటె, ఎర్ర పట్టీల పట్ట ఒకటి మిగిలిపోయినయ్, ఎవరివో వచ్చి తీస్కపోండ్రి.

వడ్ల మామా, నా టేపు నీ దగ్గర్నే ఉండిపోయింది. క్రిస్మస్ బట్టలు మొదలైనయ్, ఎవరి చేతనన్న పంపు.