గైడ్ డాగ్ కంటే ముందు తెల్లకర్ర

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక ఆదివారం సంచికలో అమెరికా జీవనం గురించి ఇటీవల వచ్చిన వ్యాసంలో, ఇక్కడ చూపు లేనివారికి ప్రభుత్వమే గైడ్ డాగ్‌ను, అంటే దారిలో నడిపించేలా శిక్షణ పొందిన కుక్కను ఇస్తుందనీ, ఆ కుక్క వారిని కోరిన చోటికల్లా తీసుకువెళ్తుందనీ రాశారు. మంచి మనసుతో రాసిన మాటలే అయినా ఆ రెండూ నిజం కావు. వాటిని నిజమని నమ్మినందువల్ల మా ఇంట్లో దాదాపు ఏడాది కాలం వృథా అయింది. మరో ఇంట్లో అలా జరగకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు బోధించి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు డాలస్ శివారులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అతనికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉంది. చిన్నతనంలో సందె వేళ గడప తట్టుకుని పడిపోతుంటే రేచీకటి అనుకుని ఆకుకూరలు, క్యారెట్లు పెట్టాం. మాది మేనరికం. ఇలాంటి వంశపారంపర్య జబ్బులకు మేనరికం వల్ల ముప్పు పెరుగుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతూ వచ్చి, ముప్పై నాలుగేళ్లు వచ్చేసరికి సన్నని గొట్టంలోంచి చూసినంత మాత్రమే మిగిలింది. కళ్లద్దాలు పెట్టుకున్నా రెండు కళ్లలో మెరుగైన కంటి చూపు 20/200 (మామూలు కంటికి 200 అడుగుల నుంచి కనబడేది 20 అడుగుల దగ్గరికి వస్తేగాని కనబడకపోవడం) దాటకపోయినా, చూపు పరిధి 20 డిగ్రీలకు మించకపోయినా ఇక్కడి చట్టం దానిని అంధత్వంగానే పరిగణిస్తుంది. మా అబ్బాయి ఆ రెండో లెక్కలోకి వచ్చాడు.

గైడ్ డాగ్‌లను ఇచ్చేది ప్రభుత్వం కాదు, విరాళాలతో నడిచే స్వచ్ఛంద సంస్థలు. వీటిలో పాతదైన ‘ది సీయింగ్ ఐ’ 1929లో నాష్‌విల్‌లో మొదలై ఇప్పుడు న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో నడుస్తోంది. ఒక్కొక్క కుక్కను పెంచి, శిక్షణ ఇచ్చి, మనిషికి జతచేయడానికి వేల డాలర్లు ఖర్చవుతాయి. అయినా ఆ సంస్థ మొదటి కుక్కకు తీసుకునే రుసుము 150 డాలర్లు మాత్రమే. మాజీ సైనికులైతే ఒక్క డాలరు ఇస్తే చాలు. దశాబ్దాలుగా ఆ రుసుము పెరగలేదు. దానం పుచ్చుకున్నామన్న భావన లేకుండా తన కుక్కను తానే సంపాదించుకున్నానని మనిషి అనుకోవాలన్నది దాని వెనకున్న ఆలోచన. వినికిడి లేనివారికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి, ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలకు సర్వీస్ డాగ్‌లను, అంటే వైకల్యం ఉన్నవారికి సాయపడేలా శిక్షణ పొందిన కుక్కలను ఇచ్చే సంస్థలు వేరే ఉన్నాయి. వాటిలో 1975లో కాలిఫోర్నియాలో మొదలైన ‘కెనైన్ కంపానియన్స్’ కుక్కను పూర్తిగా ఉచితంగానే ఇస్తుంది. డబ్బు అడ్డం కాదన్నమాట. అడ్డం వచ్చేది మరొకటి, అది మా ఇంట్లో నేనే.

గైడ్ డాగ్‌కు దారి తెలియదు. మందుల దుకాణం ఎక్కడో, ఆఫీసు ఎక్కడో దానికి తెలియవు. సిగ్నల్‌లో ఎర్ర దీపం ఉందో, పచ్చ దీపం ఉందో చూసి రోడ్డు దాటించడం దాని పని కాదు. అడ్డంగా ఉన్న వాటిని తప్పించడం, మెట్టు దగ్గర, ఫుట్‌పాత్ అంచు దగ్గర ఆగడం, తలకు తగిలేంత ఎత్తులో వేలాడే కొమ్మ ఉంటే పక్కనుంచి నడిపించడం, ప్రమాదం ఎదురైతే ‘ఫార్వర్డ్’ అని యజమాని చెప్పినా కదలకుండా నిలబడిపోవడం, ఇవీ దానికి నేర్పే విద్యలు. ఎక్కడ ఉన్నామో, ఏ వైపు తిరగాలో, వాహనాల శబ్దాన్ని బట్టి ఎప్పుడు దాటాలో తేల్చుకోవలసింది మనిషే. అందుకే తెల్లకర్ర పట్టుకుని ఒంటరిగా నడవడం నేర్చుకోనివారికి ఏ మంచి సంస్థా కుక్కను అప్పగించదు. ఈ సంగతి తెలియక నేను, కుక్క వస్తే కర్ర బాధ తప్పుతుందని మా అబ్బాయికి నూరిపోశాను. కర్ర పట్టుకుంటే నలుగురూ గుడ్డివాడంటారన్న నామోషీ నాకుండేది. అతనికి ఉండేది కాదు. చెయ్యి పట్టుకుని నేను నడిపిస్తుంటే, నన్ను నొప్పించలేక నాతో నడిచేవాడు.

ఒక గైడ్ డాగ్ సంస్థకు దరఖాస్తుతో పాటు కంటి డాక్టరు నివేదిక, ఆరోగ్య నివేదిక, తెలిసినవారి సిఫారసులు పంపాక అక్కడి నుంచి ఒక శిక్షకురాలు మా ఇంటికి వచ్చింది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, కుక్కంటే ఎవరికైనా భయమా, ఎలర్జీ ఉందా, రోజుకు ఎంత దూరం నడుస్తాడు, బస్సు ఎక్కుతాడా అని అడిగింది. ఆ తరువాత మా అబ్బాయి వైపు తిరిగి, ఇంటి నుంచి దగ్గరి మందుల దుకాణానికి ఎలా వెళ్తారో చెప్పమంది. నేను అందుకుని చెప్పాను. ఆవిడ చిరునవ్వుతో, ఏ మూల దగ్గర రోడ్డు దాటుతారని మళ్లీ అతన్నే అడిగింది. ఆ జవాబు కూడా నేనే చెప్పాను. మూడోసారి ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి, “అమ్మా, ఈ ప్రశ్న ఆయనకు” అంది. మా అబ్బాయి కాసేపు మౌనంగా ఉండి, తనకు తెలియదన్నాడు. రెండేళ్లుగా వారానికోసారి వెళ్తున్న దుకాణానికి దారి అతనికి తెలియదు, ఎందుకంటే ప్రతిసారీ నేనో కోడలో పట్టుకుని తీసుకువెళ్లాం.

దరఖాస్తును తిరస్కరించలేదు గానీ, చలన శిక్షణ, అంటే తెల్లకర్రతో ఒంటరిగా నడవడం నేర్చుకోవడం, పూర్తిచేసి మళ్లీ రమ్మన్నారు. ఆ రోజు నాకు కోపం వచ్చిన మాట నిజం. చూపు లేనివాణ్ణి పట్టుకుని ముందు నడిచి చూపించమనడం ఏమి న్యాయమని వాదించాను కూడా. ఆవిడ చెప్పిన జవాబు ఇప్పటికీ చెవిలో ఉంది. కుక్కకు ఏదో ఒకరోజు జబ్బు చేస్తుంది, ఎనిమిది పదేళ్లు పనిచేశాక విశ్రాంతి ఇవ్వాలి, ఆ రోజుల్లో ఆయన ఇంట్లో కూర్చుండిపోవాలా అని అడిగింది.

ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వ సేవల కిందే చలన శిక్షకుడు దొరికాడు. మొదటి నెలలో ఆయన నాకు ఇచ్చిన పని ఒక్కటే, బాల్కనీ దాటి కిందికి రాకూడదు. పైనుంచి చూస్తూ ఉండేదాన్ని. కర్ర మొన సిమెంటు మీద టకటకమని మోగేది, గడ్డి అంచు తగలగానే ఆ చప్పుడు మెత్తబడేది. అక్కడ ఆగి, ట్రాన్స్‌ఫార్మర్ మోత ఏ చెవికి వినబడుతోందో చూసుకుని మెయిల్‌బాక్సుల వైపు తిరిగేవాడు. మొదటి వారంలో రెండుసార్లు దారి తప్పి పార్కింగ్‌లోకి వెళ్లిపోయాడు. అరవబోయి నోరు మూసుకున్నాను. ఆరు నెలలకు ఒంటరిగా ఆఫీసు బస్సు ఎక్కాడు. మిగిలిన ఆ కాస్త చూపు మీద ఆధారపడకుండా ఉండేందుకు కళ్లకు గంతలు కట్టి నేర్పించారు. కుక్కతో నడిచేటప్పుడు ఆ కొద్ది చూపే సమస్యట. మసకగా ఏదో కనబడగానే మనిషి కుక్కను కాదని తనే తిరిగిపోతాడు. కొన్నాళ్లకు కుక్క కూడా తన పని మానుకుంటుంది.

రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ ‘జూనో నడక’ చేయించింది. కుక్క ఒంటికి కట్టే, గట్టి పిడి ఉన్న పట్టీని హార్నెస్ అంటారు. శిక్షకురాలే కుక్క స్థానంలో ఉండి ఆ హార్నెస్‌ను లాగుతూ ముందు నడుస్తుంది, పిడి పట్టుకుని ఇతను వెనక నడవాలి. అతని నడక వేగం ఎంత, ఎంత బలంగా లాగితే హాయిగా ఉంటుంది, మలుపులో ఒళ్లు ఎలా తిప్పుతాడు, గొంతులో ఆజ్ఞ ఉందా బతిమాలడం ఉందా, ఇవన్నీ ఆవిడ రాసుకుంది. మన సంబంధాలలో జాతకాలు చూసినంత శ్రద్ధగా ఇక్కడ నడకలు చూస్తారు. చురుకైన కుక్కను నిదానస్తుడికిచ్చినా, మెతక కుక్కను గట్టిగా కేకలేసే మనిషికిచ్చినా ఆ జత నిలవదు. ఇంటి పరిసరాలు, మెట్లు, పిల్లలు, రైళ్లలో ప్రయాణాలు, మనిషి ఎత్తు, అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే ఎప్పుడు పిలుస్తారని అడిగితే తేదీ చెప్పరు. వరుసలో ముందున్నవాడికి కాదు, తగినవాడికి ఇస్తారు. మేము మరో ఏడు నెలలు ఎదురుచూశాం.

మొదటిసారి కుక్కను తీసుకునేవారు చాలా సంస్థల్లో కొన్ని వారాల పాటు అక్కడే ఉండి నేర్చుకోవాలి. మా అబ్బాయికి జతపడింది హేజెల్ అనే లేత పసుపు రంగు లాబ్రడార్. మొదటి రెండు రోజులు తనను లెక్కచేయకుండా, పాత శిక్షకురాలి అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా తలుపు దగ్గరికి వెళ్లి మూలిగేదని ఫోన్లో చెప్పాడు. పాలుతాగే వయసు దాటగానే ఒక కుటుంబం తీసుకుని ఏడాదికి పైగా పెంచి, కన్నీళ్లతో తిరిగి అప్పగించిన కుక్క అది. ఆ తరువాత శిక్షకురాలికి అలవాటుపడింది. ఇప్పుడు మూడోసారి మనసు మార్చుకోవాలి. అన్నం పెట్టడం, బయటికి తీసుకువెళ్లడం, దువ్వడం, అన్నీ అతనే చేయాలి, ఇంకెవరూ చేయకూడదు. నాలుగో రాత్రి లేచి చూస్తే తన మంచం పక్కన, చెప్పుల మీద తల పెట్టుకుని పడుకుని ఉందట. ఆ మాట చెప్పేటప్పుడు వాడి గొంతు మారింది.

ఇంటికి వచ్చిన రెండో నెలలో మా పార్కింగ్ దగ్గర నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి రాయాలి. అతను చెవి ఒగ్గి విని, ‘ఫార్వర్డ్’ అన్నాడు. హేజెల్ కదలలేదు. మళ్లీ అన్నాడు. అది అడ్డంగా తిరిగి అతని మోకాళ్లకు ఆనుకుని నిలబడింది. అప్పుడు చప్పుడే లేని ఒక ఎలక్ట్రిక్ కారు వెనక్కి వచ్చి, అతను అడుగు వేయబోయిన చోటు మీదుగా వెళ్లిపోయింది. నేను పదడుగుల వెనక ఉన్నాను, ఆ కారు నాకు కూడా వినబడలేదు.

ఇక మనవారికి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ఇంటర్నెట్‌లో యాభై, వంద డాలర్లకు సర్వీస్ డాగ్ సర్టిఫికెట్లు, గుర్తింపు కార్డులు అమ్ముతారు. అమెరికా చట్టంలో అలాంటి నమోదు అంటూ ఏదీ లేదు. దుకాణంలోనో హోటల్లోనో, అవసరం పైకి కనబడనప్పుడు, రెండే ప్రశ్నలు అడగవచ్చు: వైకల్యం కారణంగా ఈ కుక్క అవసరమా, ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు. కాగితం చూపమని అడగకూడదు. పెంపుడు కుక్కకు చొక్కా తొడిగి సర్వీస్ డాగ్ అని చెప్పుకోవడం టెక్సస్‌లో నేరం, వెయ్యి డాలర్ల వరకు జరిమానా ఉంది. మన కుటుంబాల్లోనూ కొందరు ఈ పని చేస్తున్నారని తెలిసి బాధపడుతున్నాను. శిక్షణ లేని ఆ కుక్క మొరిగి ఎగబడితే, మరుసటి రోజు ఆ గుమ్మం ముందు అనుమానపు చూపులు ఎదుర్కొనేది హేజెల్ లాంటి కుక్క.

ఆలయాల సంగతి వేరు. ప్రార్థనా స్థలాలకు ఈ చట్టం వర్తించదు. మేము వెళ్లే గుడిలో మొదట కుక్కను గుమ్మం దాటనివ్వలేదు. కమిటీతో మాట్లాడాక, చెప్పులు విడిచే హాలులో దాన్ని కూర్చోబెట్టి ఒకరు తోడుండేలా, లోపల అబ్బాయి కర్రతో నడిచేలా ఏర్పాటయింది. నాకు మడి, ఆచారం తెలుసు కాబట్టి వారిని తప్పుపట్టను. మా ఇంట్లోనూ పూజ గది గడప దగ్గర హేజెల్ ఆగుతుంది. కానీ కుక్కనే కాక దానితో వచ్చిన మనిషిని కూడా బయటే నిలబెట్టే చోట్లు ఉన్నాయి. అది ఆచారం కాదని నా అభిప్రాయం. విందులలో మాత్రం ఎవరూ దానికి పకోడీగానీ, పాయసంగానీ పెట్టవద్దని వేడుకుంటున్నాను. ఉల్లిపాయ, కిస్‌మిస్ కుక్కకు విషంతో సమానం. హార్నెస్ ఒంటి మీద ఉన్నంతసేపూ అది పనిలో ఉన్నట్టే, పలకరించడం కూడా దాని దృష్టిని మళ్లిస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్న తల్లిదండ్రులకు గైడ్ డాగ్ ఈరోజుకు దూరపు మాటే. ఫుట్‌పాత్‌లు లేని వీధులు, గుంపులుగా తిరిగే వీధి కుక్కలు, ఇవి ఉన్నంతకాలం దాన్ని తీసుకువచ్చి పెట్టినా దానికీ ప్రమాదమే. కానీ దానికి ముందు మెట్టయిన తెల్లకర్రకు ఆ అడ్డంకి లేదు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో చికిత్సతో చూపు రానివారి కోసం పునరావాస విభాగం ఉంది. బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాల వంటివి పిల్లలను చదివిస్తున్నాయి. అయినా చూపు తగ్గుతున్న పిల్లవాడి చేతికి కర్ర ఇవ్వడానికి మన ఇళ్లలో చెయ్యి రాదు. నాకూ రాలేదు. ముప్పై నాలుగో ఏట మొదలుపెట్టినది పన్నెండో ఏట మొదలుపెట్టి ఉంటే మా అబ్బాయి కాలేజీ రోజులు మరోలా ఉండేవి.

అక్టోబరు 15 తెల్లకర్ర దినోత్సవం. ఆ రోజు మీ జిల్లా పేజీల్లో, కర్రతో నడవడం నేర్పేవారు ఏ ఊళ్లో ఉన్నారో, ఎవరిని కలవాలో, విశిష్ట వైకల్య గుర్తింపు కార్డుకు ఎక్కడ దరఖాస్తు చేయాలో వివరంగా ప్రచురించమని కోరుతున్నాను. ఆదివారం వ్యాసంలోని ఆ రెండు వాక్యాలకు సవరణ కూడా వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
డాలస్, టెక్సస్